కోయకముందే చల్లిన మినుములు

సహోదరులారా, సహోదరీలారా, ఈ ఆదివారం కూడా మనందరినీ ఒక్కచోట కూర్చోబెట్టిన ప్రభువుకు ముందుగా స్తోత్రం చెప్పి మొదలుపెడతాను. నేను సువార్తను, సునీల్ ఇంటావిడను. నాకు నోరెక్కువని మీలో తెలియనివాళ్ళు లేరు. ఇందాక బయట చెప్పులు విప్పుకుంటుంటే మన పాస్టరు అయ్యగారు పిలిచి, "సాక్ష్యం చెప్పమ్మా, ప్రసంగం మాత్రం చెయ్యకు" అన్నారు. చెయ్యనండి. బల్ల ముందు పెట్టిన ఈ మినుముల సంచి గురించి మాత్రమే చెబుతాను. కాకపోతే ఇది ఇక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలంటే నిరుడు కాదు, ముందటేడు వానాకాలం దగ్గర ఎత్తుకోవాలి, ఎందుకంటే మా ఇంటి చీకటి అక్కడ మొదలైంది.

మనది కాలవ చివరి ఊరు. కృష్ణ నీళ్ళు పైవాళ్ళ పొలాలన్నీ తడిపి, అలిసిపోయి, మిగిలితే మన దగ్గరికి వస్తాయి. అందుకని కాలవకి నీళ్ళు వదిలారంటే మన మగవాళ్ళకి అన్నం సహించదు, గట్ల మీదే కాపలా. ఆ రోజు పొద్దున్నే మా ఆయన పార భుజాన వేసుకుని మడికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళాడు, నేను పొయ్యి మీద టీ పెట్టాను, అది పొంగేలోపే మా తమ్ముడు రాజేష్ పరుగెత్తుకుంటూ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "అక్కా, బావకి పురుగు ముట్టింది" అన్నాడు. రక్తపింజర అండీ. కుడికాలు, చీలమండ పైన.

నలుగురు మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. కాలు అప్పటికే వాచిపోతోంది. వీధిలోవాళ్ళు మంత్రం వేసే మనిషిని తీసుకొస్తామన్నారు. మన సంఘంవాళ్ళేమో, ఉన్నమాట చెప్పుకోవాలి గదా, కదిలించొద్దు, ఇక్కడే చుట్టూ మోకరించి ప్రార్థన చేద్దామన్నారు. నాకు బుర్ర పనిచెయ్యలేదు, ఎవరు చెప్పిందీ వినపడలేదు. ఇంతలో అయ్యగారు లుంగీ మీదే వచ్చేశారు, ఒక్కసారి కాలు చూశారు. "ప్రార్థన ఆటోలో కూడా చేసుకోవచ్చు, ముందు ఎక్కించండి" అన్నారు. ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను. ఆ మాటే మా ఆయన ప్రాణం కాపాడిందని ఇక్కడ ఎంతమంది డాక్టర్ల ముందైనా చెబుతాను.

ఆటోలో మా ఆయన తల నా ఒళ్ళో ఉంది, అయ్యగారి చెయ్యి ఆ తల మీద ఉంది. అయ్యగారు ఏదో పెద్ద ప్రార్థన చేస్తారనుకున్నాను. ఆయన మాత్రం కోడూరు దాటేదాకా ఒకటే మాట: "ప్రభువా, గేదెలు అడ్డం రాకుండా చూడు. ప్రభువా, గేదెలు అడ్డం రాకుండా చూడు." పొద్దున్న పూట మన రోడ్డు మీద గేదెలు ఎలా నడుస్తాయో మీకు తెలుసు, హారన్ కొడితే ఇంకా నింపాదిగా నడుస్తాయి. ఆ రోజు అవనిగడ్డ ఆసుపత్రి గేటు దాకా ఒక్క గేదె అడ్డం రాలేదు. నవ్వండి, ఫర్వాలేదు, నేను కూడా తర్వాత నవ్వుకున్నాను. కానీ ఆ పూట మాత్రం సముద్రాన్ని చీల్చిన దేవుడు మా కోసం గేదెలను పక్కకు తోలాడనే నమ్మాను, ఇవాళా అదే నమ్ముతున్నాను.

అవనిగడ్డలో సూది మందు ఎక్కించారు, వాళ్ళకి దేవుడు మేలు చెయ్యాలి, అక్కణ్ణుంచి బందరు పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ కిడ్నీలు మొరాయించాయన్నారు. మిషను మీద పెట్టారు. నేను వరండాలో కూర్చుని, "తండ్రీ, నాకు ఈ మనిషి కావాలి, వేరే ఏమీ అడగను, ఈ మనిషి కావాలి" అని గొంతు పోయేదాకా అడిగాను. ఒక మధ్యాహ్నం నర్సమ్మ బయటికొచ్చి, "మీ ఆయనకి మూత్రం వచ్చిందమ్మా" అంది. నేను ఎంత గట్టిగా స్తోత్రం అన్నానంటే, అవతల వార్డులోంచి కూడా తొంగిచూశారు. మూత్రానికి స్తోత్రం చెప్పిన మనిషిని మీరు ఎక్కడా చూసి ఉండరు. దేవునికే మహిమ!

సాక్ష్యం ఇక్కడితో అయిపోవాలి. నిజానికి ఇంతవరకే ఆ క్రిస్మస్ ముందు ఇదే చోట నిలబడి చెప్పాను, మీరంతా చప్పట్లు కొట్టారు, పాట పాడుకున్నాం. కానీ ఒక సంగతి ఆ రోజు నేను చెప్పలేదు, చెప్పడానికి నోరు రాలేదు. ప్రాణం తిరిగొచ్చింది గాని మా ఆయన తిరిగి రాలేదు.

ఆ మనిషి ఎలాంటివాడో మీకు తెలుసు. చిన్నప్పుడే తండ్రి పోతే చేను మీదేసుకుని నడిపినవాడు. కాలి కింద మట్టి తగిలితే చాలు, ఏ మడికి ఏం తక్కువో చెప్పేవాడు. చెప్పుల్లేకుండా గట్ల వెంట పరుగెత్తేవాడు. అలాంటివాడు ఆసుపత్రి నుంచి వచ్చాక కాలవ రోడ్డు దిగలేదు. పట్టపగలు మంచం దిగాలన్నా మంచం కిందకి టార్చి వేసి చూసుకునేవాడు. పెరట్లో నీళ్ళ పైపు చుట్టి పెడితే దూరంగా ఆగిపోయి, "అది తీసెయ్యి" అనేవాడు. చేను రాజేషే చూశాడు, నాట్లయ్యాక మిగిలిన పనంతా వాడే చేయించాడు, కోతలు కూడా వాడే. మా ఆయన రోడ్డు మీద మోటారు సైకిలు ఆపి స్టాండు వేసి, దాని మీద నుంచి కాళ్ళు కింద పెట్టకుండా తన చేను తను చూసుకుని వచ్చేసేవాడు. చుట్టాల ఇంటికొచ్చినవాడిలా చూసి వచ్చేసేవాడండీ.

ఇంకో సంగతి మీరందరూ చూశారు, కొందరు మాట్లాడుకున్నారు కూడా. మన మందిరంలో చాపల మీద కూర్చుంటాం, ప్రార్థన అనగానే మోకరిస్తాం. మా ఆయన మోకరించడం మానేశాడు. గోడవారగా పెద్దవాళ్ళ కోసం వేసిన కుర్చీలో కూర్చుని, పాదాలు రెండూ పైకి లాక్కుని, కుర్చీ కాళ్ళ మధ్య పుల్ల మీద పెట్టుకుని, కళ్ళు తెరిచే ప్రార్థన చేసేవాడు. చచ్చి బతికినవాడికి ఇంత గర్వమా అని ఒకావిడ నా చెవిన పడేలాగే అంది. పేరు చెప్పను, ఇక్కడే ఉంది, నా స్నేహితురాలే.

నేను ఒకరోజు అన్నం పెడుతూ అడిగేశాను. "ప్రాణమిచ్చిన దేవుడి ముందు మోకాలు వంచటానికి ఏమొచ్చింది మీకు?" అన్నాను. మా ఆయన కంచం పక్కకు జరిపాడు.

"మోకాళ్ళేస్తే పాదాలు వెనక్కి పోతయ్యి సువార్తా. కళ్ళు మూసుకోవాల. వెనకాల ఏముందో తెలవదు."

"దేవుడు చూస్తాడు గదా" అన్నాను.

"నాకు తెలుసు. కాళ్ళకి తెలవట్లేదు" అన్నాడు.

ఇంక నేను అడగలేదు. ఆ రోజు నుంచి నేను చేసే ప్రార్థన మారింది. "ప్రభువా, ఆయన కాళ్ళకి కూడా తెలిసేలా చెయ్యి" అని అడగడం మొదలుపెట్టాను. పెద్ద పెద్ద మాటలేమీ లేవు, వంట చేస్తూ, గేదెకి కుడితి పెడుతూ, అదే మాట.

అలాంటి రోజుల్లో అవనిగడ్డ ఎరువుల షాపు దగ్గర ఎవరో చెప్పారట, జపాన్‌లో పొలం పనికి మనుషులు కావాలంట, వయసులో ఉన్న రైతులైతే తీసుకుంటారంట, బందరులో ఆ భాష నేర్పిస్తున్నారంట. మా ఆయన ఇంటికొచ్చి ఆ కబురు చెబుతుంటే నేను కబురు వినలేదు, మొహం చూశాను. అన్నాళ్ళకి ఆ మొహం విచ్చుకుంది. "టమాటా తోటలంట సువార్తా. పైన ప్లాస్టిక్ కప్పంట. కింద మట్టే కనపడదంట, షీటు పరుస్తారంట, కాలు పెట్టే చోటంతా సిమెంటంట" అన్నాడు. నాకు అర్థమైంది. ఈ మనిషికి వ్యవసాయం కావాలి, భయం లేని వ్యవసాయం కావాలి. వెళ్ళనివ్వాలి అనుకున్నాను. మూడేళ్ళో ఐదేళ్ళో నేనూ పాపా ఉండగలం, మా తమ్ముడు ఉన్నాడు, సంఘం ఉంది. మొగుడు ఎదురుగా ఉండి కుంగిపోవడం కంటే దూరంగా ఉండి నవ్వడం మేలనుకున్నాను.

ఇంక ఆ చదువు చూడాలి మీరు! టెన్తు తప్పాక పుస్తకం ముట్టని మనిషి, పొద్దున్నే బస్సెక్కి బందరు వెళ్ళి, సాయంత్రం వచ్చి, అరుగు మీద మా పాప పక్కన కూర్చునేవాడు. పాప పలక మీద అ ఆలు దిద్దేది, తండ్రి ఇంకో పలక మీద ఆ దేశపు అక్షరాలు దిద్దేవాడు. కోళ్ళగూళ్ళలాగా ఉండేవి ఆ అక్షరాలు. పాప, "నాన్నా, నీది తప్పు, చెరిపి మళ్ళీ రాయి" అనేది, మా ఆయన నిజంగానే చెరిపి మళ్ళీ రాసేవాడు. గేదెకి ఆ భాషలో నమస్కారం పెట్టి అలవాటు చేసుకునేవాడు. మన వీధిలో ఎగతాళి చేసినవాళ్ళున్నారు. నాకు మాత్రం అరుగు మీద వంగి కూర్చున్న ఆ వీపు చూస్తే ఎంత గొప్పగా ఉండేదో చెప్పలేను. పరీక్ష రాశాడు, ప్యాసయ్యాడు. అక్కడి తోట యజమాని కంప్యూటరులో కనపడి మాట్లాడాడు, సరేనన్నాడు. ఎంత సంతోషం! నేను సంఘమంతా తిరిగి చెప్పుకొచ్చాను. అందరికీ ఒకటే మాట చెప్పాను, "అక్కడ పాములుండవంట."

వీసా వచ్చిందని మా ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టుకున్నాం, మీరంతా వచ్చారు. పాటలయ్యాయి, ప్రార్థన అయింది, లడ్డూలు పంచుతున్నాం. దానమ్మ మామ్మ, ఇదిగో ముందు వరసలోనే కూర్చుంది, లడ్డూ చేతిలో పట్టుకుని అడిగింది.

"ఏమ్మా సువార్తా, ఆ దేశంలో పురుగూ పుట్రా ఏమీ ఉండవా?"

"ఉండవు మామ్మా, అంతా సిమెంటే" అన్నాను నేను, నోరెక్కువ గదా.

మా తమ్ముడు రాజేష్ ఊరుకోవచ్చు గదా. ఫోను తీశాడు, వేలితో ఏదో కొట్టాడు. "ఉన్నయ్యక్కా. వరిచేలల్లో ఉంటదంట, విషప్పామే. ఫొటో కూడా ఉంది" అన్నాడు. అనేశాక వాడికి తెలిసింది ఏమన్నాడో. నేను వాడి వంక చూసిన చూపుకి ఫోను జేబులో పెట్టుకోబోయాడు గాని, మా ఆయన చెయ్యి చాపాడు. ఫోను తీసుకున్నాడు, ఆ ఫొటో చూశాడు, వాడికి తిరిగిచ్చేశాడు. లడ్డూల పళ్ళెం నా చేతిలోంచి తీసుకుని మిగిలినవాళ్ళకి తనే పంచాడు.

మర్నాడు చెప్పాడు, "నేను వెళ్ళట్లేదు" అని.

నాకు ఒళ్ళు మండింది. ఒక పాము ఫొటో చూసి ఇంత చదువూ కాలవలో పారేస్తారా, ఆ తోటల్లోకి పాములు రావంట గదా, రాజేష్‌గాడి మాట పట్టుకుని బతుకు ఆపుకుంటారా అని నోటికొచ్చినంతా అన్నాను. మా ఆయన అంతా అననిచ్చాడు. తర్వాత చెప్పిన మాట మీకు ఉన్నదున్నట్టు చెబుతాను, ఎందుకంటే ఈ సాక్ష్యంలో గొప్ప మాట నాది కాదు, మా ఆయనది.

"పాముందని కాదే. ఇన్నాళ్ళూ టమాటాలు పండించటానికి ఎల్తున్నాననుకున్నా. కాదు, నా చేలోంచి పారిపోతున్నా. రాత్రంతా అదే ఆలోచించా. ఈడ భయపడినోడు ఆడ భయపడడా? నాకంటే ముందు నా భయమే విమానం ఎక్కిద్ది."

"అయితే ఏం చేద్దామంటారు?"

"ముందు మన చేలో దిగాల. దిగ్గలిగితే ఎల్తా. లేకపోతే లేదు."

నేను గబగబా అయ్యగారి దగ్గరికి తీసుకెళ్ళాను, ఆయనైనా బుద్ధి చెబుతారని. అయ్యగారు అంతా విని, "వెళ్ళాలా వద్దా అని మనం దేవుణ్ణి అడుగుతున్నాం. ఎందుకు వెళ్తున్నావని దేవుడు నిన్ను అడిగాడ్రా అబ్బాయ్" అన్నారు. దేవుడు పంపిన ఊరికి పోకుండా, పారిపోయి ఇంకో ఊరికి ఓడెక్కిన ప్రవక్త సంగతి మీరంతా ఆదివారం బడిలో నేర్చుకున్నదే, అది గుర్తుచేశారు. ఆ తర్వాత ఒకటే అడిగారు, "ఎప్పుడు దిగుతావ్?" అని.

"మినుములు చల్లే రోజు" అన్నాడు మా ఆయన.

మనకి తెలుసు గాని, హైదరాబాదు నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడ కూర్చున్నారు, వాళ్ళ కోసం చెబుతాను. మన డెల్టాలో వరి కోశాక మినుములు వెయ్యరు. వరి ఇంకా నిలబడి ఉండగానే, కోతకి రెండు మూడు రోజుల ముందు, ఆ పైరులోనే నడుచుకుంటూ మినుములు చల్లుతారు. నేలలో ఆ తడి ఉండగానే పడాలి, కోశాక చల్లితే నేల ఆరిపోయి మొలవవు. పైన వడ్లు పండుతుంటాయి, కింద మినుము నానుతుంటుంది. వరి కోసేసరికి అడుగున మొలక లేస్తుంది. అంటే మనవాళ్ళు ఒక పంట చేతికి రాకముందే ఇంకో పంటని నమ్మి నేలకి ఇచ్చేస్తారు. చిన్నప్పటి నుంచి చూస్తున్న పనే గాని, దాని వెనకాల ఎంత విశ్వాసముందో ఎప్పుడూ అనుకోలేదు నేను.

అయితే ఆ పని ఎలాంటిదో కూడా చెప్పాలి. వరి నడుము దాకా ఉంటుంది, వెన్నులు వంగి ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. అందులో నడిచే మనిషికి తన కాళ్ళు తనకి కనపడవు. ఎలుకలు ఆ పైరులోనే ఉంటాయి, ఎలుకల కోసం వచ్చేవీ ఆ పైరులోనే ఉంటాయి. మా ఆయన ఏ పనికి భయపడ్డాడో దాని నడిబొడ్డునే ఎంచుకున్నాడు.

ఆ మధ్యాహ్నం సంఘంలో మగవాళ్ళు చాలామంది గట్టు మీదికి వచ్చారు. అయ్యగారు అవనిగడ్డ నుంచి మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు కొనుక్కొచ్చారు. "విశ్వాసముంటే బూట్లెందుకండీ?" అని ఎవరో అంటే అయ్యగారికి కోపమొచ్చింది. "విశ్వాసం ఉంది గనక చేలో దిగుతున్నాడు, బుద్ధి ఉంది గనక బూట్లేసుకుంటున్నాడు. రెండూ దేవుడిచ్చినయ్యే" అన్నారు. ఆడవాళ్ళం కాలవ రోడ్డు మీద నిలబడ్డాం. నేను ముందుకు వెళ్ళలేకపోయాను. దానమ్మ మామ్మ నా చెయ్యి పట్టుకుంది, ఆమె చెయ్యే చల్లగా ఉంది.

మా ఆయన మినుముల సంచి మెడలో వేసుకుని గట్టు మీద నిలబడ్డాడు. ఎంతసేపో నిలబడ్డాడు. ఎవరూ తొందరపెట్టలేదు, అందుకు మీ అందరికీ నేను ఇవాళ దణ్ణం పెడుతున్నాను. అప్పుడు పైకే ప్రార్థన చేశాడు. ఏడాది పైగా కళ్ళు తెరిచి ప్రార్థన చేసిన మనిషి, ఆ గట్టు మీద కళ్ళు మూసుకున్నాడు.

"ప్రభువా, పాముల్లేకుండా చెయ్యమని అడగట్లేదు. అయ్యి కూడా నువ్వు చేసినయ్యే. నా చేలో నన్ను నడవనియ్యి. నీ ముందు నన్ను మోకరించనియ్యి. అంతే తండ్రీ."

దిగాడు. మొదటి గుప్పెడు తీశాడు గాని చెయ్యి విప్పలేకపోయాడు, బిగుసుకుపోయింది, చివరికి ఆ గింజలన్నీ కాళ్ళ దగ్గరే ఒక్క చోట కుప్పగా పడ్డాయి. రెండో గుప్పెడు కొంచెం విడిపోయింది. మూడోది చెయ్యి తిరిగింది. ఇంక అక్కణ్ణుంచి పాత చెయ్యే, ఆ విసురు నాకు తెలుసు, గింజలు వానలా పరుచుకుంటున్నాయి. చేను మధ్యకి వెళ్ళేసరికి ఎదురుగా పైరు కదిలింది. గాలికి కాదు. ఒక గీతలాగా కదిలి మురుగుకాలవ వైపు వెళ్తోంది. గట్టు మీద మగవాళ్ళు కేకవెయ్యబోయి ఆగిపోయారు. అది పామో ఎలుకో ఇవాళ్టికీ ఎవరికీ తెలియదు. మా ఆయన ఆగాడు. చెయ్యి సంచిలో ఉంది. ఆ కదలిక గట్టు దాటేదాకా ఆగి, తర్వాత ఆ చెయ్యి బయటికి తీసి, అది వెళ్ళిన దారి మీదే గింజలు చల్లాడు. నేను రోడ్డు మీద కూలబడి ఏడ్చాను.

అంతకంటే గొప్ప సంగతి ఇంకోటుంది. అవతలి గట్టు చేరాడు. రాజేష్ అక్కడ నిలబడి చెయ్యి అందించాడు. చాలు గదా, దిగాడు, దాటాడు, గట్టు మీదుగా నడిచొచ్చేస్తే ఎవరూ ఏమీ అనరు, మేమంతా స్తోత్రం చెప్పి ఇంటికి పోయేవాళ్ళం. మా ఆయన రాజేష్ చెయ్యి పట్టుకోలేదు. చల్లాల్సిన చేను ఇంకా ఉంది, అందుకని వెనక్కి తిరిగి మళ్ళీ పైరులోకే దిగాడు. మొదటిసారి దిగింది భయాన్ని గెలవడానికి. రెండోసారి దిగింది మినుములు చల్లడానికి. ఆ తిరిగిన తిరగడంలో నా భర్త నాకు తిరిగొచ్చాడు సహోదరులారా, బందరు ఆసుపత్రిలో కాదు.

ఆ ఆదివారం ఏం జరిగిందో మీరు చూశారు. అయ్యగారు ప్రార్థన చేద్దామనగానే మా ఆయన గోడవారగా ఉన్న కుర్చీలోంచి లేచి, చాప మీదికి వచ్చి, అందరి ముందూ మోకరించాడు. పాదాలు వెనక్కి వెళ్ళాయి. కుడికాలి మీద ఆ నల్లటి మచ్చ వెనక ఉన్న మనందరికీ కనపడింది. ప్రార్థనలో కళ్ళు తెరిచినందుకు క్షమించండి అయ్యగారూ, నేను తెరిచాను, చుట్టూ చూస్తే అందరూ తెరిచే ఉన్నారు. కళ్ళు మూసుకున్నది మా ఆయన ఒక్కడే.

ఆ తర్వాత చాలామంది అడిగారు, భయం పోయింది గదా, చేలో దిగుతున్నావు గదా, ఇంక ఆ దేశం ఎందుకు, ఇక్కడే ఉండొచ్చు గదా అని. నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది. ఉండిపోండి అందామని నోటిదాకా వచ్చింది. మా ఆయన నాకు ఒకటే చెప్పాడు. "ఇప్పుడే ఎల్లాల సువార్తా. ఆ తోటల పని నేర్చుకుని ఈడ మన ఉప్పు నేల్లో చెయ్యాలని ఉంది. అప్పుడు ఎల్లుంటే తిరిగి రాలేకపోయేవాణ్ణి. పారిపోయినోడు ఎనక్కి రాలేడు. ఇప్పుడు ఎల్తే వస్తా, నా చేను నాకుంది." సరేనన్నాను. వరి కోత అయ్యాక, మినుము రెండాకులు వేసిన రోజుల్లో వెళ్ళాడు. సామాన్లో ఆ రబ్బరు బూట్లు పెట్టుకున్నాడు. అక్కడ కొత్తవి ఇస్తారంట గదండీ, బరువెందుకు అన్నాను. "ఇయ్యి మన చేలో నడిచినయ్యి" అన్నాడు. నాకోసం ఇంకో జత కొని గుమ్మం పక్కన పెట్టి వెళ్ళాడు.

అదెందుకు పెట్టాడో మినుము పండేదాకా నాకు తెలియలేదు. మా ఆయన భయాన్ని గురించి ఇంతసేపు చెప్పాను గాని, ఆ పొద్దున పొయ్యి మీద టీ పొంగిన దగ్గర నుంచి నేను కూడా చేలో కాలు పెట్టలేదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు, రోడ్డు మీద నిలబడి కూలీలకి చెప్పి చేయించేదాన్ని. మినుము పీకే రోజు ఫోనులో మా ఆయన కనపడి, "బూట్లేసుకున్నావా?" అన్నాడు. అంతే. దిగమనలేదు. వేసుకున్నాను. దిగాను. మొదటి అడుగులు ఎలా వేశానో ఆ దేవుడికే తెలుసు.

గట్టు పక్కన ఒక్క చోట మినుము మొక్కలు గుత్తిలాగా ఒకదాని మీద ఒకటి మొలిచి ఉన్నాయి. మా ఆయన చెయ్యి విప్పలేక కుప్పగా వదిలేసిన మొదటి గుప్పెడు అది. మొలిచినప్పుడే రాజేష్ పలచన చేస్తానన్నాడు, అంత ఒత్తుగా ఉంటే కాయ నిలవదని. నేను చెయ్యి వెయ్యనివ్వలేదు. వాడు చెప్పింది నిజమే, ఆ గుత్తిలో కాయలు తక్కువే కాశాయి. కానీ కాశాయి. ఈ సంచిలో ముందు పడ్డవి అవే. భయంతో వేసిన గుప్పెడు గదా అని దేవుడు దాన్ని పారెయ్యలేదు.

మా ఆయన బాగున్నాడు. అక్కడ ఇప్పుడు చలంట, పాములన్నీ నేలలో పడుకుని ఉన్నాయంట, ఎండలొస్తే లేస్తాయంట, నవ్వుతూ చెప్పాడు. రోజూ పనిలోకి వెళ్ళే ముందు మంచం పక్కన మోకరిస్తానన్నాడు. ఫోను పెట్టేటప్పుడు పాప ఆ భాషలో నమస్కారం చెబుతోంది, గేదెకి కూడా వచ్చేసినట్టే ఉంది.

నన్ను నిలబెట్టిన దేవునికి, ఆటో ఎక్కించిన అయ్యగారికి, గట్టు మీద తొందరపెట్టకుండా నిలబడిన మీ అందరికీ నా వందనాలు. మీలో ఎవరైనా ఏదైనా చేలోకి దిగలేక రోడ్డు మీద నిలబడి ఉంటే, అది ఏ చేనో నాకు తెలియదు, ఆ చేను మీకు తెలుసు, ప్రభువుకు తెలుసు. ఆయన్ని నమ్మండి. తొందరేం లేదు.

ఇప్పుడు అయ్యగారు ఈ ప్రథమ ఫలం మీద ప్రార్థన చేస్తారు. మోకరించగలిగినవాళ్ళు మోకరించండి. మోకరించలేనివాళ్ళకి గోడవారగా కుర్చీలున్నాయి, కూర్చోండి, కాళ్ళు పైకి పెట్టుకోవాలంటే పెట్టుకోండి, కళ్ళు తెరుచుకోవాలంటే తెరుచుకోండి. ఎవరూ ఏమీ అనరు. ఆ కుర్చీలో కూర్చుని చేసిన ప్రార్థన కూడా దేవుడు విన్నాడు, దానికి నేనే సాక్షిని.